నాలుగడుగులు ముందు

మా అమ్మాయి తన వీడియోలో చనిపోయిన వాళ్లమ్మను నా పక్కన నడిపించింది. అది తప్పు. నాలుగు మాటలు రాస్తే ఏఐ చేసిపెట్టిన పది సెకన్ల వీడియో అది. సాయంత్రం వాన, మా వీధి, ఒకే గొడుగు కింద మేమిద్దరం.

"మీ అమ్మ ఏనాడైనా నా పక్కన నడిచిందా? నాలుగడుగులు ముందుండేది, సణుక్కుంటూ. గొడుగు కూడా ఆవిడదే," అన్నాను.

"మరి నువ్వు తడిసేవాడివా నాన్నా?"

"తడవక?"

అమ్మాయి నవ్వాపుకుంటూ అలాగే మార్చి రాసింది. ఈసారి ముందు నడుస్తున్న మనిషి ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి ఊపుతూ ఏదో అంది. వీడియోలో మాట వినబడదు.

"అచ్చం అమ్మే! ఏమని తిడుతోంది నాన్నా?"

నన్ను త్వరగా రమ్మంటోంది. ఆ సంగతి అమ్మాయికి చెప్పలేదు. ఇక ఎన్నడూ చెప్పను.