సామాను అయ్యేదాకా

మార్చి నెల మొదటి ఆదివారం, ఉదయం పది దాటాక, ఆ ఇంటి సామానుగది తలుపు తీసినప్పుడు అక్కడ ఉన్నవారు ఐదుగురు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటున్న అక్క, ఆమె తమ్ముడు, తమ్ముడి భార్య, అందరికన్నా చిన్నదైన చెల్లెలు, పక్కింటి తూకం తాత. తాత ఒకప్పుడు సరుకుల కొట్లో కాటా దగ్గర కూర్చున్న మనిషి. ఆ కాటా ఇప్పటికీ ఆయన మంచం కిందే ఉంటుంది. దాన్ని తెమ్మన్నది తమ్ముడి భార్య. ఎందుకు తెమ్మన్నదో అక్కతో సహా అందరికీ తెలుసు.

ఆ గది వాళ్ల నాన్న కట్టించుకున్నది. ఆయన గోదాములో గుమాస్తా. చిన్నతనంలో ఒక ఏడాది సరుకు దొరకని రోజులు చూసినవాడు కావడంతో, సంపాదన మొదలైన నాటి నుంచి ఇంట్లో గింజ నిల్వ లేనిదే ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఇనుప డ్రమ్ముల్లో బియ్యం, రేకు డబ్బాల్లో నూనె చెయ్యి రాసిన పప్పు, జాడీల్లో ఉప్పు, బెల్లం, ఎండబెట్టిన చిక్కుడు గింజలు. డ్రమ్ము మూత బిగించే ముందు బియ్యం మీద చిన్న పళ్లెంలో కొవ్వొత్తి ముక్క వెలిగించి పెట్టేవాడు. లోపలి గాలంతా అయిపోయి వత్తి ఆరిపోతే పురుగుకు ఊపిరి అందదని ఆయన లెక్క. తర్వాత మూత అంచు చుట్టూ మైనం కరిగించి పోసి, పక్కన సుద్దముక్కతో తేదీ వేసేవాడు. ముందుగా కొన్నది ముందుగా తినాలి, ఉన్నది అయిపోకుండా కొత్తది ముట్టకూడదు అన్నది ఆ ఇంటి శాసనం. ఫలితంగా ఆ పిల్లలు ముగ్గురూ ఏనాడూ కొత్త బియ్యం అన్నం తిని ఎరగరు. ఈ ఇంట్లో ఆడపిల్లకు కొత్త బియ్యం రుచి తెలియాలంటే పెళ్లి చేసుకుని పోవడమొక్కటే దారి అని చెల్లెలు తన పెళ్లిలోనే అందరినీ నవ్వించింది. అక్క పెళ్లి చేసుకోలేదు.

నాన్న పోయి మూడేళ్లు దాటింది. ఆ మధ్యాహ్నం ఆయన్ను భోజనానికి లేపబోయి, లేవరని గ్రహించి, అక్క మొదట వంటింట్లోకి వెళ్లి అన్నం గిన్నె మీద మూత పెట్టింది. ఆ తర్వాతే తమ్ముడికి ఫోను చేసింది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్లు ఎదురుచూసింది కూడా. చాలాసేపు ఒకే తీరున కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి గిల్లినా తెలియదు; ఆమెకు ఆ తిమ్మిరి ఒళ్లంతా పాకి, మళ్లీ దిగలేదు.

ఇల్లు అమ్మక తప్పదని తమ్ముడు ఆ నెలలోనే అన్నాడు. అన్నవాడే ఒక మెలిక కూడా పెట్టాడు.

"తొందరేం లేదులే అక్కా. నాన్న దాచిన సామాను పారబోయలేం, పంచుకుని మోసుకుపోలేం. అది అయ్యేదాకా నువ్విక్కడే ఉండు. బయట గింజ కొనకు, ఉన్నది వండుకో. అయిపోయాక అమ్మేద్దాం."

మహా అయితే ఏడాది పడుతుందని అందరూ అనుకున్నారు. అక్క ఆ మాటను అందరికన్నా శ్రద్ధగా విన్నది. ఆ మాటకు అర్థం ఆమెకు వంటింట్లో పొయ్యి వెలిగిస్తుండగా తట్టింది: డ్రమ్ము అడుగు కనబడే దాకా ఇల్లు తనది. ఆ ఇంటి మీద అంత మమకారమా అంటే, ఆమె చెప్పగలిగేది కాదు. మరో గదిలో, మరో కిటికీ పక్కన నిద్ర లేస్తున్న మనిషిగా తనను తాను ఊహించుకోబోతే అక్కడేమీ కనబడలేదు, అంతే.

బయట కొని తెచ్చి డ్రమ్ములో పోయడం మోసం. బయట తిని డ్రమ్మును ముట్టకపోవడమూ మోసమే. తక్కువ వండుకోవడం మాత్రం మోసం కాదు. ఈ తేడాను ఆమె తనలో తాను ఎన్నోసార్లు తర్కించి, నిక్కచ్చిగా ఖాయం చేసుకుంది. దర్జీ పంపే చొక్కాలకు కాజాలు కుడితే వచ్చే డబ్బు పాలకూ, నాలుగు కూరగాయలకూ, కరెంటుకూ సరిపోయేది. గింజ మాత్రం డ్రమ్ములోదే. మొదట గ్లాసుడు బియ్యం, ఆపైన అర గ్లాసు, ఆ తర్వాత గుప్పెడు. ఆకలి మొదట్లో కొంత గొడవ చేసి, ఎవరూ పలకని ఇంటి ముందు నిలబడ్డ మనిషిలా విసుగెత్తి వెళ్లిపోయింది. జాకెట్లు వదులైతే కుట్లు బిగించుకుంది. సూది చేతిలోనే ఉండేది గనుక అదొక పనిగా కూడా అనిపించలేదు.

గదిలో దీపం వేసి, తమ్ముడి భార్య నాలుగు డ్రమ్ములనూ వేలితో కొట్టి చూసింది. రెండు డొల్లగా మోగాయి.

"తలుపుకి తాళం ఎప్పటినుంచి వదినా?"

"ఎలకలు తిరుగుతున్నాయి."

"మీ ఎలకలకి గొళ్లెం తియ్యడం కూడా వచ్చా?"

చెల్లెలు నవ్వాపుకోలేక తాత వెనక్కి తప్పుకుంది. తాత మూడో డ్రమ్ములోని బియ్యం గోనెసంచుల్లోకి తోడించి, కాటాకెత్తి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో ముల్లు చూశాడు.

"ఇందులో సగానికి పైనే ఉంది తల్లీ. నాలుగోదానికి మైనం కూడా చెదరలేదు."

"విన్నారా?" అంది తమ్ముడి భార్య మొగుడితో. "మూడేళ్లకి రెండున్నర డ్రమ్ములు కూడా కాలేదు. మా ఇంట్లో డబ్బాలకి ఇంత బుద్ధి ఎవరూ నేర్పలేదు. వాటికి అయిపోవడం ఒక్కటే తెలుసు."

"నువ్వు కాసేపు ఆగు."

"ఆగే ఉన్నాగా ఇన్నాళ్లూ. ఖాళీ చెయ్యండని మా అద్దె ఇంటాయన గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చుంటే మీరు ఆఫీసులో ఉంటారు, నేను ఎదురుగా ఉంటాను. పిల్లల పుస్తకాలు పెట్టెల్లోనే ఉన్నాయి, విప్పాలో వద్దో తెలీక." ఆమె అక్క వైపు తిరిగింది. గొంతు హెచ్చించలేదు. "వదినా, మీరు పెద్దవారు, ముఖం మీదే అడుగుతున్నా. కొట్లో కొని ఇందులో పోస్తున్నారు కదూ?"

"లేదు," అంది అక్క.

కోపం రావలసిన చోటు అదేనని ఆమెకు తెలుసు, వెతికితే దొరకలేదు.

తమ్ముడి భార్య మోచేతి దాకా సంచిలోకి చెయ్యి దించి, అడుగు నుంచి పిడికెడు బియ్యం తీసింది. అరచేతిలో నలిపింది. వాసన చూసింది. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికింది. రెండో సంచిలోనూ అలాగే చేసింది. వేళ్ల సందుల్లోంచి పడుతున్న గింజలన్నీ ఒకే తీరుగా, మీగడ రంగు తిరిగి, పొడిపొడిగా ఉన్నాయి.

"పాతవే," అంది చివరికి, తన మాట తనకే రుచించనట్టు. "అన్నీ పాతవే."

మోసం లేదని తేలాక మిగిలిన లెక్క ఏమిటో తాతకే ముందు అందింది.

"అమ్మాయ్," అన్నాడు ముల్లు మీదనుంచి చూపు తీయకుండానే, "పూటకి ఎంత వండుతున్నావు?"

అక్క చెయ్యి పైకెత్తి, వేళ్లు ముడిచి చూపించింది.

"పూటకా?"

"రోజుకి."

ఎత్తిన ఆ చేతి మణికట్టును అందరూ చూశారు. గాజు మోచేయి దాకా జారి అక్కడ ఆగింది. ఇంతకుముందూ వాళ్లు ఆమెను చూస్తూనే ఉన్నారు; సన్నబడ్డావే అని చెల్లెలు రెండు మూడుసార్లు అన్నది కూడా. వయసు మీద పడుతోందిలే అని అక్క అంటే సరేననుకుంది.

"అక్కా, నీకేమైనా పిచ్చా?" అన్నాడు తమ్ముడు. అని, పక్కనున్న డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాడు.

"అయ్యేదాకా ఉండమన్నావు," అంది అక్క. "ఎంత తినాలో చెప్పలేదు."

ఆమె అది నిష్ఠూరంగా అనలేదు. ఒప్పందంలోని షరతును గుర్తుచేసినంత మామూలుగా అంది. తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

తమ్ముడి భార్య చీర కొంగు నడుములో దోపుకుంది. "పెద్ద గిన్నె ఎక్కడుంది?"

అది అటక మీద ఉంది, బూజు పట్టి. చెల్లెలు స్టూలెక్కి దించి, తోమి, బోర్లించింది. తమ్ముడి భార్య డ్రమ్ములోని డబ్బాతోనే బియ్యం కొలిచి పోసింది. ఒకటి. రెండు. మూడోది ముంచబోతుండగా అక్క గుమ్మంలోంచి అసంకల్పితంగా "చాలు" అంది.

"చాలదు," అంది ఆమె వెనక్కి చూడకుండా. నాలుగోది కూడా పోసింది.

అక్క గోడకు ఆనుకుంది. ఒక్కో డబ్బా పడుతుంటే తను ఎన్నో పొద్దులు మిగిల్చుకున్న కాలం గలగలా గిన్నెలోకి జారిపోతోంది. అడ్డుపడాలని మనసులో ఉంది. కాళ్లకు ఆ సంగతి అందలేదు. పప్పు, బియ్యం కలిపి కడిగి పొయ్యి మీద పెట్టారు. ఉప్పు, కాస్త నూనె, రెండు ఎండుమిరపకాయలు. పాత బియ్యం గనుక నీళ్లు ఎక్కువ తాగుతుందని అక్క చెప్పింది. ఆ పూట ఆమె తనంతట తానుగా చెప్పిన మొదటి మాట అదే. తమ్ముడి భార్య మరో చెంబు పోసి, "ఇంకా?" అని అడిగింది. "చాలు," అంది అక్క. ఈసారి అది నీళ్ల గురించే.

ఐదుగురూ వంటింట్లోనే కింద కూర్చుని తిన్నారు.

"నాన్న ఉంటే, ఈ తేదీ డ్రమ్ము తియ్యమని ఎవడు చెప్పాడురా అనేవాడు," అంది చెల్లెలు.

"నాలుగోదాని మైనం చెదరలేదని చూపిస్తే సరిపోయేది," అన్నాడు తమ్ముడు.

"మీ నాన్న నా కాటాని కూడా నమ్మేవాడు కాదు," అన్నాడు తాత. "నేను తూచింది ఇంటికి తెచ్చుకుని మళ్లీ తూచేవాడు."

అక్క ముద్ద నోట్లో పెట్టుకుంది. వేడి తెలిసింది. ఉప్పు తెలియలేదు. నాలుగు ముద్దల తర్వాత పొట్ట బిగదీసుకుని చెయ్యి ఆగిపోయింది. కంచంలో మిగిలినదాన్ని ఎవరూ తినమనలేదు. చూడనట్టు నటించారు. అందరూ చూస్తున్నారని ఆమెకు తెలుసు. తిమ్మిరి అలాగే ఉంది గాని, దాని అడుగున ఒక విషయం మాత్రం స్పష్టంగా తెలిసింది: ఆ గుప్పెడు ఇంతకాలం నిలిచింది ఎవరికీ తెలియకపోవడం మీద. ఇక పొయ్యి ముందు చెయ్యి ముడిచినప్పుడల్లా నలుగురు వెనక నిలబడి ఉంటారు. నెల తిరిగేసరికి తమ్ముడు ఒక సంచి పంపుతాడు, చెల్లెలు ఒక సంచి పంపుతుంది, జాలితో డ్రమ్ము నింపుతారు. అప్పుడది అయ్యేదీ కాదు, తనదీ కాదు.

చేతులు కడుక్కున్నాక తమ్ముడు సంచి భుజాన తగిలించుకున్నాడు.

"నేనేదో కాగితం తెచ్చాను. వదిలెయ్. ఇవాళ మనం ఇల్లు గురించి మాట్లాడుకోలేదు. నీ ఇష్టమొచ్చినన్నాళ్లు ఉండు."

అతని భార్య తలుపు చెక్క మీది పెచ్చును గోటితో గీకుతూ నిలబడింది. పెట్టెల్లోనే ఉన్న పుస్తకాల మాట మళ్లీ ఎత్తకుండా ఉండటానికి ఆమె పడుతున్న శ్రమ అక్కకు కనబడింది.

"ఇటియ్యి," అంది అక్క.

"అక్కా, నేను చెప్పేది..."

"ఇయ్యరా. చదవనీ."

చాప మీద కూర్చుని, దీపం వైపు పట్టుకుని, కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది. ఇల్లు అమ్మడానికి ముగ్గురికీ సమ్మతమేనన్న రాత అది. ఖాళీ చేసే తేదీ దగ్గర చుక్కలు ఉన్నాయి.

"ఇక్కడ ఈ నెలాఖరు అని రాయి."

"సామాను ఇంకా బోలెడుందిగా," అన్నాడు తమ్ముడు. అతని గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది.

"తాతగారు ఇక్కడే ఉన్నారు, కాటా ఉంది. మూడు భాగాలు చెయ్యండి." ఆమె చెల్లెలి వైపు చూసింది. "మీ ఇంట్లో ముందుగది ఖాళీగానే ఉందన్నావు."

"ఎప్పటినుంచో ఉంది. మొత్తుకుంటూనే ఉన్నాను కదే. నీ కుట్టుపనికి కిటికీ పక్కనే చోటుంది. కానీ మా ఇంట్లో కొత్త బియ్యమే. నీకు సహిస్తుందో లేదో."

"చూద్దాం," అంది అక్క.

తమ్ముడు నెలాఖరు తేదీ రాశాడు. అక్షరాలు కాస్త వంకరపోయాయి. ముందు అతను, తర్వాత చెల్లెలు సంతకాలు పెట్టారు. అక్క కలం అందుకుని, తన పేరు చివరి అక్షరం దాకా పొల్లు పోకుండా రాసి, కింద చిన్న గీత గీసింది. సాక్షిగా తాత సంతకం చేశాడు. తడి ఆరేవరకు తమ్ముడి భార్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. తర్వాత తమ్ముడు దాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచి లోపలి అరలో పెట్టి, జిప్పు లాగాడు.