బోణీ కాని పొద్దు

పాపన్న తడిగోనె విప్పి తమలపాకులు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. లేతాకులు పైన పేర్చి మచ్చాకులు కింద దాచే రకం కాదు, మచ్చాకు మేకలకే. డెబ్బై ఏళ్ల మనిషి, వంగిన నడుము, సున్నం మరకల చొక్కా. కృష్ణగిరి రాజధానిగా వెలిగిన రోజుల్లో కోట సిపాయిలకు ఈ అంగట్లోనే ఆకులమ్మామని వాళ్ల తాత చెప్పేవాడట. నిజమో కోతో గానీ, ఈ మూడడుగుల గట్టు మీద మూడు తరాలు కూర్చున్న మాట నిజం.

ఈ పాత అంగడికి ఇవాళే ఆఖరు. రేపు బుల్డోజర్ వస్తుంది. రిజిస్టరులో వేలిముద్ర వేసినవాళ్లకే కొత్త మార్కెట్టులో చోటు. కొడుకు పోయాక కోడలు సుగంధి, ఆమె బిడ్డ ఈ గట్టునే నమ్ముకుని ఉన్నారు.

ఎనిమిదికే మున్సిపాలిటీ ఆఫీసరు వచ్చి సిరాపెట్టె చాపాడు.

"బోణీ కానీ సార్. బోణీకి ముందు చేత్తో ఏమీ ఇచ్చేది లేదు, వేలిముద్రయినా సరే."

"తాతా, పన్నెండుకు రిజిస్టరు మూసేస్తాం."

"అంతలోపల అయితాదిలే."

ఓరి మొండి ముసలోడా! పక్క గట్టు మీద పూలమ్మే మద్దమ్మ తల కొట్టుకుంది. "నేను కొంటానన్నా, ఒక కట్ట ఇయ్యి."

"అంగడోళ్లు కొంటే బోణీ యాడయితాదమ్మా?"

తొమ్మిదయింది. పదయింది. సామాన్లు మోసుకుపోయేవాళ్లే గానీ కొనేవాడు ఒక్కడూ లేడు. పాపన్న నుదుట చెమట. ఎడమ భుజం నొక్కుకుంటూ, వచ్చే ప్రతి మనిషినీ ఆశగా చూస్తున్నాడు.

"నీ పంతం తగలెయ్య! సుగంధి మొగమన్నా చూడన్నా!"

"సుగంధి కోసమే గదమ్మా. ఈ పొద్దు వాడిక తప్పితే కొత్త చోటు దానికి అచ్చిరాదేమోనని భయం."

మూటకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

పన్నెండుకు పది నిమిషాలుండగా ఆఫీసరు తిరిగొచ్చాడు. మద్దమ్మ చేతులు జోడించింది. "మీరే కొనండి సార్, పుణ్యముంటాది." వక్క కూడా నమలని ఆ మనిషి విసుక్కుంటూనే పది రూపాయల నోటు తీశాడు.

"ఇదిగో తాతా, బోణీ."

పాపన్న చెయ్యి చాపలేదు. మద్దమ్మ అతని భుజం పట్టి కుదిపితే తల పక్కకు వాలింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు.

ఆఫీసరు నోటును ఆకుల మీద పెట్టి, రిజిస్టరు మూయబోయాడు.

"ఆగు సామీ!" మద్దమ్మ ఏడుస్తూనే పాపన్న బొటనవేలు సిరాలో అద్దింది. "బోణీ అయింది గదన్నా. ఇంక ఇచ్చెయ్యి."

ఆఫీసరు రిజిస్టరు తెరిచే పట్టుకున్నాడు. మొహం మాత్రం అటు తిప్పుకున్నాడు.

తడి ఆకుల మీద ఆ పది రూపాయల నోటు చాలాసేపు అట్లాగే నానుతూ ఉండిపోయింది.