గడియ వెనక కోడిపిల్లలు

చేతులు కుట్టుమిషను మీదున్నాయే గాని ఆమె మనసంతా వంటింటి మూలనున్న అట్టపెట్టె మీదే. మూడు వారాలు కంటికి రెప్పలా కాచుకుంటే పదకొండు గుడ్లు పిల్లలయ్యాయి. వాటిలో మూడింటికి రెట్ట ఎండి ముడ్డికి అతుక్కుపోయింది. ఇంకోదానికి కాళ్లు చెరోపక్కకీ జారిపోయి నిలబడలేకపోతోంది. రెండో రోజు పొద్దున చూస్తే, బాగున్నదే ఒకటి చచ్చిపడి ఉంది.

అప్పట్నుంచీ ఆమెకు మామగారి మీద అనుమానం. ఆయన నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. చప్పుడు గిట్టదు. పిల్లలు గుడ్డు చీల్చుకొచ్చిన రోజే, "ఏం గోలమ్మా, చెవులు తూట్లు పడుతున్నాయి! బతుకుతాయో లేదో తెలీనివాటికోసం ఇంత తిప్పలెందుకు?" అన్నాడు.

ఆ తర్వాత అన్నీ వింతలే. పిల్లలకి వెచ్చదనం కోసం తను పెట్టెలో కిందికి వేలాడదీసిన బల్బు జానెడు పైకి పోయింది. నీళ్లు పెట్టిన మూతలో ఎవరో గులకరాళ్లు పోశారు.

"మీ నాన్నగారు పెట్టెలో చెయ్యి పెడుతున్నారు," అంది భర్తతో.

"అన్నానికి తప్ప గదిలోంచి బయటికే రాడాయన. లేనిపోనివి ఊహించుకోకు," అన్నాడు భర్త, పళ్లెంలోంచి తలెత్తకుండా.

మూడో రోజు మధ్యాహ్నం చొక్కాకి గుండీలు కుట్టడం ఆపి వెళ్లి లెక్కపెట్టింది. ఎనిమిది! మళ్లీ లెక్కపెట్టింది. ఎనిమిదే. కాళ్లు జారేది లేదు, రెట్ట అంటినదొకటి లేదు. మామగారి గది తలుపు తోస్తే గడియ పెట్టి ఉంది. లోపల నీళ్ల చప్పుడు.

ముంచేస్తున్నాడు!

"తలుపు తియ్యండి!" దబదబా బాదింది.

కంటికి భూతద్దం బిగించుకున్న ఆయనే తీశాడు. "మెల్లిగా. బెదిరిపోతాయి."

బల్ల మీద టీ గ్లాసులో గుడ్డముక్క మధ్య కాళ్లు జారే పిల్ల కూర్చునుంది. తల ఒక్కటే బయటికి. రెండోది ఆయన అరచేతిలో ఉంది. పక్కన గోరువెచ్చని నీళ్లు, దూది.

"గ్లాసులో ఎందుకు కుక్కారు?"

"కాళ్లు పక్కకి పోకుండా. తర్వాత మెత్తటి ప్లాస్టర్‌తో రెండూ కలిపి కడతా. ఇదిగో, ఈ రెట్టని పీకకూడదు. తోలూడొస్తుంది. నానబెట్టి తుడవాలి."

"బల్బు?"

"నేనే ఎత్తా. పిల్లలన్నీ మూలలకి పోయి నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. గులకరాళ్లూ నేనే వేశా, నీళ్లలో మునక్కుండా."

అంటే ఆ చచ్చినది తను పెట్టిన వేడికేనేమో.

"నాతో చెప్పచ్చుగా మామయ్యగారూ!"

"అది చచ్చిన పొద్దున నువ్వు నావైపు చూసిన చూపుకి నోరు పెగల్లేదమ్మా."

సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా అనుమానం అంత తేలిగ్గా వదుల్తుందా? సాయంత్రం పెట్టె దగ్గరికి పోయి రెండుసార్లు లెక్కపెట్టింది. ఆయన చూశాడు. మర్నాటినుంచి గది తలుపు బార్లా తెరిచే ఉంచాడు.

ఆరో రోజు ప్లాస్టర్ విప్పితే ఆ పిల్ల మూడడుగులు వేసి ముక్కు మీద పడింది. లేచి నాలుగోది వేసింది. ఆ రోజే రెట్ట అంటినవాటిలో ఒకటి పోయింది. ఆమె ఈసారి ఆయనవైపు అలా చూడలేదు.

"ఇంకేం చెయ్యాల్సింది మామయ్యగారూ?"

"ఏం లేదమ్మా. చెయ్యగలిగిందంతా చేశాం."

ఆమె దూది తడిపి, మిగిలిన రెండింటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది.