మగ్గం గుంటలో పటేలు

పదిహేడో కండె చుట్టడం అయ్యేసరికి ఎండ గడప దాటి లోపలికొచ్చింది. హన్మమ్మ రాట్నం ఆపి, మెడ సాచి గుంటలోకి చూసింది. పొద్దున్నే పెట్టిన గంగవాయిలి కూర పెట్టినట్టే ఉంది. ఆకులు వాడి నేలకు అంటుకున్నాయి. వాటికి జానెడు దూరంలో పటేలు నాలుగు కాళ్ళూ ముడుచుకుని, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. తిండి ముట్టక ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆమె నిట్టూర్చి పద్దెనిమిదో కండె కదురుకు ఎక్కించింది.

పటేలంటే తాబేలు. వీపు మీద పసుపు చారలు నక్షత్రాల్లా విచ్చుకున్న, రెండు అరచేతులంత మెట్ట తాబేలు. పదకొండేళ్ళ కింద గోవిందు అచ్చంపేట సంతకు పోయి దాన్ని తువాలులో చుట్టుకొచ్చాడు. ఎందుకు తెచ్చావంటే చెప్పలేదు. పిల్లలు లేని ఇల్లు, ఏదో ఒక ప్రాణం తిరుగుతుంటుందని అనుకున్నాడేమో. అలాంటి మాటలు పైకి అనే మనిషి కాదు. పేరు మాత్రం ఆ పూటే పెట్టాడు. పిలిస్తే పలకడు, తనకు బుద్ధి పుడితేనే బయటికొస్తాడు, వీడు పటేలు కాక ఇంకెవరు అన్నాడు. బతుకంతా కనపడ్డ ప్రతి పటేలుకూ వంగి దండం పెట్టినవాడు, ఇంట్లో మాత్రం ఒక పటేలును బొటనవేలితో పక్కకు జరుపుతూ దర్జాగా నేత నేశాడు. ఆ ముచ్చట చెప్పుకుని మొగుడూ పెళ్ళాలు చాలాసార్లు నవ్వుకున్నారు.

మగ్గం గుంట చల్లగా ఉంటుంది. నేసేవాడి కాళ్ళు దిగేంత లోతు. గోవిందు పాదాలు తొక్కుడు చెక్కల మీద ఎక్కి దిగుతుంటే పటేలు వాటి మధ్యనే తిరిగేది. రెండేళ్ళ కింద దసరా ముందర దమ్ము, ఆయాసం ఎక్కువై గోవిందు పోయాడు. మగ్గం మీద సగంలో ఉన్న చీరను ఇంకొకరు వచ్చి పూర్తి చేశారు. తర్వాత మగ్గమూ పోయింది. ఇంటి నడుమ గుంట ఒక్కటే మిగిలింది. దాన్ని పూడ్చి బండలు పరిపించుకోమని వాడకట్టంతా చెప్పింది. హన్మమ్మ వినలేదు. పూడ్చడం మాట అటుంచి, రెండేళ్ళుగా దాన్ని ఊడవను కూడా లేదు. ఆయన కాలితో కిందికి తోసేసిన సగం కండెలు, తెంపి పారేసిన కొసలు ఆ మూలల్లోనే పడి ఉన్నాయి. చీపురు తీసుకుని దిగేది, నిలబడేది, మళ్ళీ పైకొచ్చేది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. సన్నటి మనిషి. వెన్ను రాట్నం వైపు వంగి అలాగే నిలిచిపోయింది. కళ్ళద్దాల కాడ విరిగితే దారంతోనే కట్టుకుంది. కుడి చూపుడు వేలి మొదటి కణుపు దగ్గర, దారం పారి పారి ఒక గాటు పడింది. చేంతాడు ఒరుసుకున్న బావి రాయి అట్లాగే ఉంటుంది. పదహారేళ్ళకు రాజోలి నుంచి గద్వాలకు కోడలిగా వచ్చింది మొదలు ఆమె చేసిందల్లా ఒకరు నేసే చీరకు దారం చుట్టివ్వడం. పెళ్ళిళ్ళలో ఆ చీరలు కట్టుకుని తిరిగినవాళ్ళు వేలమంది ఉంటారు. వాళ్ళెవరికీ ఆమె సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఒక్క విద్యలో మాత్రం వాడకట్టులో ఆమెకు ఎదురులేదు. ఎంతటి చిక్కయినా తీస్తుంది. పిల్లి ఆడుకున్న దారపు లడి, వానకు తడిసి ముద్దయిన పట్టు, కొత్త కోడలు కంగారులో ముడేసిన దారం, ఏదైనా చివరికి ఆమె ఒడిలోకే వస్తుంది. కత్తెర పట్టేది చేతగానివాళ్ళని ఆమె నమ్మకం. ఆ మాట అందరి ముందూ అనేది కూడా.

ఆ పొద్దున మమత వచ్చింది. నాలుగిళ్ళ అవతల మగ్గాలు నడిపించే ఇంటి కోడలు. ఎలుకలు దూరి పాడుచేసిన పచ్చపట్టు లడి పళ్ళెంలో పెట్టుకొచ్చింది. కత్తిరించి పారేద్దామని అత్త అంటే తానే ఆపానంది. హన్మమ్మ ఆ ముద్దను మోకాళ్ళ మీద పరచుకుంది. ముందు దాన్ని ఊరికే చూసింది. తర్వాత వేళ్ళతో వదులు చేసింది. ఒక కొస దొరికింది. ఆ కొసను పట్టుకుని, అడ్డం వచ్చిన చోట ఆగి, మెల్లగా నిమిరి, మళ్ళీ తీసింది. గంటన్నరలో లడి దువ్విన జుట్టులా గోడకు వేలాడింది. ఒక్క పోగు తెగలేదు.

మమత మురిసిపోయింది. పోతూ పోతూ గుంటలోకి తొంగిచూసి, పటేలు ఇంకా తినడం లేదా అని అడిగింది. హన్మమ్మ తన బాధంతా ఏకరువు పెట్టింది. తోటకూర పెట్టింది, దోసకాయ ముక్క పెట్టింది, గుమ్మడి పువ్వు పెట్టింది. కళ్ళు గుంటలు పడ్డాయి. ఎత్తితే బరువు లేదు. ఆముదం పోయమని ఒకరన్నారు గాని, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోతుందేమోనని పోయలేదు. రోజుకోసారి గోరువెచ్చటి నీళ్ళలో మాత్రం ఉంచుతోంది. పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైన సుదర్శన్ సారును పంపిస్తానని మమత మాటిచ్చి వెళ్ళింది.

సుదర్శన్ పదకొండు గంటలకు వచ్చాడు. ఒకప్పుడు ఎడ్లను ఒంటిచేత్తో పడేసిన మనిషి, ఇప్పుడు గోడ పట్టుకుని కూర్చున్నాడు. పటేలు అప్పుడు తొట్టిలో నీళ్ళలో ఉంది. అతను దాన్ని ఎత్తి, కళ్ళు చూశాడు, దవడ కింద వేలు పెట్టి చూశాడు, తిరగేశాడు. తోక దగ్గర అతని వేలు ఆగింది. అక్కడ బెత్తెడు పోగు వేలాడుతోంది. నిన్నటిదాకా అది లేదు.

తడిసిన కుంకుమరంగు పట్టు. హన్మమ్మకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. గోవిందు చివరి చీర పసుపు ఒళ్ళు, కుంకుమ అంచు. ఆ అంచు కండెలన్నీ చుట్టింది తనే. ఎర్రగా కనపడేసరికి ఏ పువ్వో పండో అనుకుని పటేలు మింగింది. తాను చీపురు పట్టి ఉంటే ఆ మూలలో మింగడానికి ఏమీ ఉండేది కాదు.  సుదర్శన్‌కు ఆ మాట చెప్పలేదు.

"లోపల ఇంకెంత ఉందో తెల్వదు" అన్నాడు అతను. "గుంజకు, హన్మమ్మా. లంగకు బొందు గుంజితే కుచ్చిళ్ళు పడతయి సూడు, పేగు గట్లనే ముడుసుకుంటది. కోసుకపోతది. బయటికొచ్చినంత కత్తిరించు, అంతే."

"మరి లోపలిది?"

"ఆపరేషన్ చెయ్యాలె. హైదరాబాదుల జేస్తరు."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఇది అడవి జీవం. ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుంది. ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడకపోవడం ఆమె అదృష్టం. తన అన్న కొడుకు సతీష్ రేపు పొద్దున కారులో హైదరాబాదు పోతున్నాడు. ఇలాంటివాటిని చూసే డాక్టర్ల దగ్గర దించుతాడు. బతికితే బతుకుతుంది. కానీ తిరిగి మాత్రం ఇవ్వరు. అడవిలో వదిలేస్తారు. ఆ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని చెప్పమన్నాడు. సాయంత్రం వచ్చి తీసుకుపోతానని లేచాడు. హన్మమ్మ తలూపింది. ఊపిన తలకు అర్థం ఆమెకే తెలియదు.

అతను వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. వాడకట్టులో మగ్గాల చప్పుడు గోడల గుండా వస్తూనే ఉంది. ఈ ఇంట్లో మిగిలిన చప్పుడల్లా ఒకటే, పటేలు డొప్ప గుంట గోడకు రాసుకునే గరగర. గోవిందు పోయిన కొత్తలో నిద్రపట్టక పడుకుని ఆ గరగర వింటూ ఉండేది. అది వినపడితే ఇంట్లో ఇంకొకరున్నారని ధైర్యం. పన్నెండు రోజులుగా అదీ లేదు. రేపు పంపిస్తే ఇంకెప్పుడూ ఉండదు. ఇచ్చెయ్యడమే ధర్మమని ఆమెకు తెలుసు. సారు మాట అబద్ధం కాదనీ తెలుసు. కానీ ఎడ్లకూ బర్లకూ సూదులు వేసినవాడికి దారం సంగతి ఏం తెలుసునని లోపలినుంచి ఇంకొక మాట వస్తూనే ఉంది. పొద్దున ఎలుకలు చిక్కుపెట్టిన లడినే ఒక్క పోగు తెగకుండా తీసింది. దారం బయటికొచ్చేస్తే హైదరాబాదు పని ఏముంది? పంపించే అవసరమే ఏముంది?

గూట్లో కత్తెర ఉంది. చేతిలోకి తీసుకుంది కూడా. మళ్ళీ అక్కడే పెట్టేసింది.

చేతులు సబ్బుతో కడుక్కుంది. వేళ్ళకు నూనె రాసుకుంది. లడిని పెట్టుకున్నట్టే పటేలును మోకాళ్ళ మీద బోర్లించుకుంది. కొస పట్టుకుంది. గుంజలేదు. ఊపిరి బిగబట్టి, అడ్డం వచ్చిన చోట ఆగి, నూనె వేలితో నిమిరి, మళ్ళీ తీసింది. జానెడు వచ్చింది. మూరెడు వచ్చింది. పటేలు వెనక కాళ్ళు ఒకసారి బయటికి సాగి గాలిని తోశాయి. సులువవుతోంది కాబోలనుకుంది. ఒక చోట దారం బిగిసింది. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. చెమట కళ్ళలోకి కారింది. తర్వాత ఎక్కడో లోపల ఒకటి వదిలినట్టు వేలి గాటుకు తెలిసింది, మిగతాదంతా సర్రున వచ్చేసింది. మూరన్నర పోగు. చివర కాస్త నెత్తురు.

ఇది వదిలించిన నెత్తురేనని సర్దిచెప్పుకుంది. పటేలును గుంటలోకి దించింది. అప్పుడు పన్నెండు రోజుల్లో మొదటిసారి అది మెడ పూర్తిగా బయటికి చాచింది. ముడతలు పడ్డ ఆ మెడ ఇంత పొడుగుంటుందా అని ఆమెకే ఆశ్చర్యం. నోరు తెరిచింది. హన్మమ్మ గబగబా గంగవాయిలి కొమ్మ తుంచి నాలుక మీద పెట్టింది. నోరు మూసుకుంది.

"తిన్నడు" అని ఖాళీ ఇంటికి చెప్పింది.

ఆ సంతోషం ఏమని చెప్పాలి! పొయ్యి ముట్టించి అన్నం వండుకుంది. చాలా రోజులకు ఆకలి తెలిసింది. చింతకాయ తొక్కు వేసుకుని, ఎదురుగా ఎవరో తినిపిస్తున్నట్టు కడుపునిండా తింది. సారు వస్తే ఏం చెప్పాలో తింటూ తింటూ అనుకుంది. మీ సతీషును ఒక్కణ్ణే పొమ్మను సారు, మా పటేలుకు నయమైంది అంటుంది. అతను ముక్కున వేలేసుకుంటాడు. చెయ్యి కడుక్కుని, కాసేపు నడుం వాల్చి, నిద్రపోయింది కూడా.

లేచేసరికి నాలుగు దాటింది. పటేలు మెడ చాచిన చోటే ఉంది. గంగవాయిలి కొమ్మ సగం నోట్లో, సగం బయట, పెట్టింది పెట్టినట్టు ఉంది. హన్మమ్మ గుంటలోకి దిగి వేలితో దాని తల తాకింది. పదకొండేళ్ళలో ఎవరి వేలు తగిలినా ఆ తల లోపలికి పోకుండా ఉండలేదు. ఇప్పుడు పోలేదు. కాలు తాకింది. కాలు వేలితోపాటు పక్కకు ఒరిగింది.  ఆ కొమ్మను నోటినుంచి మెల్లగా తీసేసి, అక్కడే గుంట అంచున కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకు సుదర్శన్ వచ్చాడు. చంకలో ఒక అట్టపెట్టె. గడప దగ్గరే దాన్ని దించి, లోపలికి వచ్చి, గుంటలోకి చూశాడు, తర్వాత నేల మీద పడి ఉన్న కుంకుమరంగు పోగును చూశాడు.  ఆమెను నొప్పించకూడదనుకున్నాడేమో, మెల్లగా అన్నాడు.

"తెల్వక జేసినవులే, హన్మమ్మా."

"తెల్సే జేసిన, సారు. నువ్వు చెప్పినవ్ గద." ఆమె తలెత్తలేదు. "ఇల్లు దాటియ్యనీకి మనసొప్పలే. నా కోసరమే సంపుకున్న."

 సుదర్శన్ పెరట్లో నిమ్మచెట్టు పక్కన మోకాలిలోతు గొయ్యి తవ్వాడు. ఈ వయసులో ఆ పని అతనికి కష్టమే అయింది, మధ్యలో రెండుసార్లు ఆగాడు. హన్మమ్మ పటేలును ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, మెడను లోపలికి సర్దాలని చూసింది. అది సర్దుకోలేదు. అలాగే పడుకోబెట్టింది. మట్టి కప్పాక సుదర్శన్ చేతులు దులుపుకుని, సతీష్‌కు ఫోన్ చేసి చెప్తానని, ఇంత ఎంగిలి పడమని చెప్పి, పెరటి దారినే వెళ్ళిపోయాడు.

ఆమె ఇంట్లోకి వచ్చి తలుపు వేయబోయింది. గడప పక్కన అతను మరిచిపోయిన అట్టపెట్టె ఉంది. ఊపిరాడాలని నాలుగు వైపులా వరసగా చిల్లులు పొడిచి, అడుగున తడిగుడ్డ, దాని మీద ఇంకా వాడని పచ్చి గరిక.