మూడో అంతస్తు కాదు

జాఫర్ మంచం వెనక మోకాళ్ల మీద కూర్చుని, గోడకు అంటించిన ఎర్ర బటన్ మీద టార్చి వేశాడు. నంబరు నలభై ఒకటి. కంట్రోల్ రూం తెరమీద అది మూడో అంతస్తులో, దుప్పట్లు పెట్టే గదిలో ఉంది. ఇదేమో రెండో అంతస్తు డయాలసిస్ వార్డు.

సంతోష్‌నగర్‌లోని ఆ ప్రైవేటు దవాఖానను మూడు పాత ఇళ్లు కలిపి కట్టారు. ఆపద వస్తే నర్సులు నొక్కే ఈ బటన్లకు వైర్లుండవు. సిగ్నల్ ఏ వైఫై డబ్బాకు బలంగా అందితే తెర ఆ చోటే చూపిస్తుంది. అడ్డంగా రాతిగోడ ఉంటే సిగ్నల్ లిఫ్టు గుంతలోంచి పైకి పోతుంది. అందుకే మనిషి నడిచి, చూసి, రాసుకోవాలి. రాసిన వారానికే మంచాలు జరుగుతాయి, బటన్ ఇంకో గోడకు పోతుంది.

పోయిన నెల కింది అంతస్తులో ఒక రోగి పోతే చుట్టాలు నర్సు రాహేలు మీద పడ్డారు. ఆమె బటన్ నొక్కింది. కాపలావాళ్లు వేరే అంతస్తుకు పరుగెత్తి ఖాళీ గది తలుపు బాదారు. వాళ్లు దిగివచ్చేసరికి ఆమె మణికట్టు విరిగిపోయింది. ఆ తర్వాతే అరవై నాలుగు బటన్లనూ వెతికి రాసే పని జాఫర్‌కు పడింది. ముప్పై ఏళ్లు దబీర్‌పురా మేడల మీద కేబుల్ వైర్లు లాగిన మనిషి. ఎవరిల్లు అడిగినా వీధి చెప్పడు, నీళ్లట్యాంకు గుర్తు చెబుతాడు.

కంట్రోల్ రూంలోని శ్రవణ్‌కుమార్‌కు ఫోన్ చేశాడు. "నలభై ఒకటి రెండో అంతస్తుది. ఇప్పుడే మార్చు బేటా."

"ఒక్కొక్కటి మార్చుడు లొల్లి భాయ్. సాయంత్రం అన్నీ ఒక్కసారే ఎక్కిస్త. ఫికర్ చెయ్యకు."

మధ్యాహ్నం మూడింటికి జాఫర్ ఇంకా అదే వార్డులో ఉండగా, కిటికీ పక్క మంచంమీది ముసలాయన మెషిన్ మీదే కన్నుమూశాడు. ఇద్దరు కొడుకులు లోపలికి దూసుకొచ్చారు.

"మా బాపును సంపిండ్రు!"

పెద్దవాడు చేతిలోని హెల్మెట్‌తో మెషిన్ తెర పగలగొట్టాడు. చిన్నవాడు ఆ రోజు ఈ వార్డులో డ్యూటీలో ఉన్న రాహేలు జుట్టు పట్టి నేలమీద ఈడ్చాడు. సీసాలు పగిలాయి. పక్క మంచాల రోగులు కదలలేక, చేతికి గొట్టాలతోనే అరుస్తున్నారు. రాహేలు కట్టుకట్టిన చేత్తోనే నలభై ఒకటి నొక్కింది.

ఎవరూ రాలేదు. మరుక్షణం జాఫర్‌కు తలమీద బూట్ల చప్పుడు వినిపించింది. కాపలావాళ్లు పై అంతస్తులో పరుగెడుతున్నారు.

జాఫర్ ఒక చేత్తో చిన్నవాడి కాలరు పట్టి వెనక్కి లాగాడు. ఇంకో చేత్తో ఫోన్ కలిపాడు.

"రెండో అంతస్తు! డయాలసిస్! తెర చూడకు శ్రవణ్, నా మాట ఇను!"

హెల్మెట్ అతని చెవి మీద పడింది. ఫోన్ వదల్లేదు. రాహేలు మీదికి వంగి తన ఒళ్లు అడ్డం పెట్టాడు. పెద్దవాడు సెలైన్ స్టాండు ఎత్తి వీపు మీద కొట్టాడు, మెడ మీద కొట్టాడు, మూడోసారి తలమీద కొట్టాడు. అప్పటికి మెట్ల మీద బూట్లు దిగుతున్నాయి.

అన్నదమ్ములిద్దర్నీ పట్టుకుని ఈడ్చుకుపోయాక వార్డులో మూలుగులు మిగిలాయి. జాఫర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెవిలోంచి రక్తం సన్నగా కాలరులోకి కారుతోంది. రాహేలు దూది అదిమి పట్టుకుంది.

"నీ చెయ్యి మంచిగుందా బిడ్డా?"

"మంచిగనే ఉన్నది చాచా. మాట్లాడకు."

"మస్తు నిద్రొస్తున్నది," అన్నాడు. స్ట్రెచర్ లిఫ్టులో ఉండగానే ఊపిరి ఆగిపోయింది.

శ్రవణ్‌కుమార్ కీబోర్డు ముందు కూర్చుని నలభై ఒకటి మార్చాడు. రెండుసార్లు తప్పు కొట్టాడు. జాఫర్ భార్య అజ్మతున్నీసా దబీర్‌పురా నుంచి ఆటోలో వచ్చి, భర్త ఎక్కడున్నాడని అంతస్తు అంతస్తునా అడుగుతూ తిరిగింది. చివరకు రాహేలే ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

సాయంత్రం ఊడ్చే మనిషి వచ్చి గాజుముక్కలు ఎత్తింది. వార్డు గుమ్మం బయట, వచ్చినవాళ్లు చెప్పులు విడిచే చోట, ఒక తోలుచెప్పుల జత మిగిలింది. పక్కకు జరిపి తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది. ఎడమ చెప్పు మడమ ఒకవైపు అరిగి ఉంది, పట్టీకి నల్ల వైరు ముక్కతో కట్టిన ముడి ఇంకా గట్టిగానే ఉంది.