క్రాండల్ నెత్తిమీది ప్రమాణం

నేను ఒక గుండ్రటి నల్ల టోపీని. కుందేలు బొచ్చును ఆవిరిలో మగ్గబెట్టి, చెక్క అచ్చు మీద సాగదీసి నన్ను చేశారు. కుందేళ్ల అంశ కదా, పరుగంటే నాకు పుట్టు పిచ్చి. అందుకేనేమో, అమెరికా కాలేజీల్లో ఫుట్‌బాల్ ఇంకా కుస్తీకి తమ్ముడిలా ఉన్న రోజుల్లో, కొండకింది కాలేజీ కోచ్ క్రాండల్ నెత్తికెక్కాను.

ఆట సాగుతుండగా కోచ్ గట్టుమీంచి ఒక్క ముక్క చెప్పకూడదని అప్పటి నియమం. నోరు కట్టేస్తే ఆగే మనిషా మావాడు! నన్ను ఎడమకు వంచితే బంతితో ఎడమవైపు పరుగు. కుడికి వంచితే కుడివైపు.

ఒక ఏడు ఏటి అవతలి కాలేజీ మమ్మల్ని చిత్తుగా ఓడించింది. కుర్రాళ్లు ఏడుస్తుంటే క్రాండల్ నామీద చెయ్యేశాడు. "ఒరేయ్, వాళ్లు మీ చేతిలో ఓడేదాకా ఈ టోపీ తీస్తే నేను క్రాండల్‌నే కాదు!"

తీయలేదు. మంగలి నా చుట్టూ కత్తిరించేవాడు. చర్చిలో తీయమంటారని దేవుణ్నే మానేశాడు. నా అంచులో వాననీళ్లు నిలిచి కప్పలు కాపురం పెట్టాయంటే మీరు నమ్మరు. పోనీండి.

మరుసటి ఏడు అవతలివాళ్లు తమకు కోచ్‌గా వస్తే పెద్ద ఇల్లు, గుర్రబ్బండి ఇస్తామన్నారు. మావాడు వంతెనెక్కాడు. దిగిపోదామంటే నాకు కాళ్లెక్కడివి? జట్టు నాయకుడు ఎమ్మెట్ వెంటపడ్డాడు.

"మరి మాకిచ్చిన మాటో, కోచ్ గారూ?"

"టోపీ తీశానట్రా? నెత్తిమీదే ఉందిగా!" అని నవ్వాడు.

ఆ నవ్వుకు నా లోపలి పట్టీ తడిసింది. చెమటనుకున్నాడు.

కొత్త జట్టుకూ అవే సైగలు నేర్పాడు. "నేను లేకపోతే ఆ పాత మొద్దులకేం గుర్తుంటుందిరా!" అన్నాడు. తీరా పాత జట్టుతో ఆటలో నన్ను ఎడమకు వంచితే, ఎమ్మెట్ మంద ముందే ఎడమన కాచుకుంది. కుడికి వంచితే అక్కడా వాళ్లే. ఎమ్మెట్ బంతిని చూడటం మానేసి నన్నే చూస్తున్నాడు. కంగారులో క్రాండల్ నన్ను గింగిరాలు తిప్పితే, సొంత జట్టువాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు.

అవతలి కాలేజీ ఓడింది. క్రాండల్ నన్ను పీకి బురదలో కొట్టి, "ద్రోహీ!" అని బూటుతో తొక్కాడు.

ఎమ్మెట్ వచ్చి నన్నెత్తుకున్నాడు. "మాట నిలబెట్టుకున్నారు, కోచ్ గారూ. వాళ్లు ఓడారు, మీరు టోపీ తీశారు."

ఇప్పుడు కొండకింది కాలేజీ అద్దాల బీరువాలో ఉన్నాను, నెత్తిన బూటు గుర్తుతో. క్రాండల్ ఆ తర్వాత ఎన్నో కాలేజీలు మారాడట. కాలేజీకో కొత్త టోపీ. అప్పుడప్పుడూ కుర్రాళ్లు సరదాకి నన్ను పెట్టుకుని చూస్తారు. ఎవరి తలకూ పట్టను. నా లోపల ఇంకా ఆ తలే ఉంది.