ట్యాంకు మీద నడక దారి

గండయ్య ఇంకా ట్యాంకులోనే ఉన్నాడు. పైనుంచి జేసీబీ మట్టి తోస్తోంది.

ఇది నేను కళ్లారా చూశాను. రెండువేల పన్నెండు, మే నెల, మంగళవారం, పొద్దున పదకొండు గంటలు. మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే దారిలో మూతబడి పద్నాలుగేళ్లయిన మందుల కంపెనీ ఒకటుంది. దాని గోడను ఆనుకునే నేను పనిచేసే లేతు షెడ్డు. చాయ్ తాగుదామని బయటికి వచ్చామో లేదో, గోడ అవతల నుంచి ఆడమనిషి అరుపు వినబడింది. అయిదుగురం ఇటుకల కుప్ప ఎక్కి చూశాం.

గండయ్య భార్య ఈదమ్మ జేసీబీ బకెట్‌ను రెండు చేతులతో పట్టుకుని వేలాడుతోంది.

"నా మొగడు లోపలున్నడు! ఆపుండ్రి! మీ కాళ్లు మొక్కుత, ఆపుండ్రి!"

నల్ల టీషర్టు బౌన్సర్ ఒకడు ఆమెను జుట్టు పట్టి లాగి పడేశాడు. నాలుగడుగుల దూరంలో కంట్రాక్టర్ వెంకటనర్సయ్య ఫోన్ మాట్లాడుతున్నాడు. మా ఊరివాడే. ఫోన్ చెవి దగ్గర నుంచి తియ్యకుండానే డ్రైవర్‌కు చెయ్యి ఊపాడు, తొయ్యి తొయ్యి అని.

మేం గోడ దూకాం. నేను జేసీబీ ఎక్కి డ్రైవర్ కాలర్ పట్టుకున్నాను.

"మనిషి లోపలుండంగ మట్టి పోస్తవారా?"

వాడు రెండు చేతులూ జోడించాడు. "పొయ్యనంటే నన్నూ అండ్లనే ఏస్తమన్నరన్నా."

వెనక నుంచి ఇనుప రాడ్ పడింది. నా ఎడమ చెయ్యి విరిగిన చప్పుడు నాకే వినబడింది. తర్వాత వీపు మీద, మోకాళ్ల మీద. మా అయిదుగురినీ, ఈదమ్మనూ గేటు దాకా ఈడ్చి రోడ్డు మీద పడేశారు. మధ్యాహ్నానికి ట్యాంకు నిండింది. సాయంత్రానికి దాని మీద రోలర్ తిరిగింది.

అసలు జరిగింది ఇది. ఆ కంపెనీ నడిచిన రోజుల్లో మురికినీళ్లను భూమిలోపలి ట్యాంకుల్లో దాచారు. ఇప్పుడా జాగాలో పెద్ద పెద్ద బిల్డింగులు లేస్తున్నాయి. కింద దుకాణాలు, మధ్యలో ఆఫీసులు, పైన ఫ్లాట్లు, చుట్టూ తిరిగి కుంటగట్టు దాకా రెండు కిలోమీటర్ల నడక దారి. గేటు దగ్గరి బోర్డు మీద తెల్ల బూట్లు వేసుకున్న ఆలుమగలు నవ్వుతూ నడుస్తుంటారు. నడక దారి ట్యాంకు మీదుగా పోవాలి. పూడ్చే ముందు లోపలి మోటారు, పైపులు తీసుకురమ్మని వెంకటనర్సయ్య గండయ్యను దింపాడు.

"వాసనొస్తాంది పటేలా, తల తిరుగుతాంది" అన్నాడట గండయ్య.

"నీతోని గాకుంటే చెప్పు, ఇంకొకన్ని తెస్త" అన్నాడట వెంకటనర్సయ్య.

గండయ్య నాలుగు మెట్లు దిగాడు. అయిదో మెట్టు మీద చేతులు వదిలేశాడు. తోటి కూలీలు దిగబోతే బౌన్సర్లు అడ్డం పడ్డారు. అంబులెన్సు వస్తే పోలీసులు వస్తారు. పోలీసుల వెనక పరీక్షలు చేసేవాళ్లు వస్తారు. భూమిలో విషముందని కాగితం మీద పడితే ఫ్లాటు ఎవడు కొంటాడు? అందుకని మనిషిని పూడ్చారు. బతికే ఉన్నాడో లేదో కూడా చూడలేదు.

ఠాణాలో సీఐ ఈదమ్మను కూర్చోమని కూడా అనలేదు.

"నీ మొగడు తాగుతడా?"

"కల్లు తాగుతడు సారూ. గానీ ట్యాంకుల..."

"తాగి యాడనో పడుంటడు. రెండ్రోజులు చూడు. రాకుంటే మిస్సింగ్ కేసు రాస్తం."

"పూడ్చిపెట్టిన మనిషి ఎట్లొస్తడు సారూ?"

మహిళా కానిస్టేబుల్ ఆమె రెక్క పట్టుకుని బయటికి నెట్టింది.

బుధవారం పొద్దున వెంకటనర్సయ్య మనిషిని పంపాడు. ఈదమ్మకు పర్మనెంటు పని ఇస్తారట. ఏం పని? నడక దారి పొడుగూతా పూలచెట్లకు నీళ్లు పట్టే పని. మొగుడి మీద పెంచే చెట్లకు! ఈదమ్మ ఏడవలేదు. చేతిలో ఉన్న బిందె వాడి మొహాన కొట్టింది. వాడు మూతి నిండా నెత్తురుతో పోయాడు.

ఆ సాయంత్రం కంపెనీ వెనక బస్తీలో, జలాల్ ఇంటి ముందు మీటింగ్ పెట్టాం. జలాల్ పాత మందుల కంపెనీలో ఇరవై ఏళ్లు పనిచేసినవాడు. అరవై దాటాయి, మాట మధ్యలో దగ్గు వస్తుంది. ఆయన భార్య షహజాది బేగం బస్తీ అందరికీ చాచీ. కట్టుకట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని నేను మాట్లాడటం మొదలుపెట్టాను. కోర్టు, కలెక్టరేట్, ధర్నా అని.

"ధర్నా చేసే లోపు ఆడ చెట్లు పెడ్తరు!" అని ఒకరు అరిచారు.

"మనోడే గదా వెంకటనర్సయ్య. కూసొని మాట్లాడుదం. రేపు తెలంగాణ వస్తే అన్నీ అవే సర్దుకుంటయ్" అన్నాడొక పెద్దమనిషి.

"వస్తది. తెస్తం" అంది షహజాది బేగం. "నిరుడు సకల జనుల సమ్మెల నేను గూడ రోడ్డు మీదనే వంట జేసిన. వెంకటనర్సయ్య వచ్చి నా చేతి బువ్వ తిన్నడు. ఆ జనంల గండయ్య లేడా? రేపొచ్చే తెలంగాణల గండయ్య యాడుంటడు, ట్యాంకులనేనా?"

అప్పుడు జలాల్ లేచాడు. ఎవరి మొహమూ చూడకుండా మాట్లాడాడు.

"గుణా నాది, తప్పు నాది. ఆ ట్యాంకుల మురికినీళ్లు ఇడిచే వాల్వు తిప్పింది నేనే. ఇరవై ఏండ్లు తిప్పిన. బోరుల నీళ్లు ఎర్రగొచ్చినప్పుడు నాకు తెలుసు ఎందుకొస్తున్నయో. బర్లు సచ్చినప్పుడు తెలుసు. నౌకరీ పోతదని నోరు మూసుకున్న. నేను నోరు తెరిస్తే గండయ్య దిగకపోతుండె."

"ఇప్పుడు చెప్తవా? ఇప్పుడా?" ఈదమ్మ ఆయన మీదికి ఉరికింది. గుండెల మీద పిడికిళ్లతో గుద్దింది. ఎవరూ ఆపలేదు. ఆయన చేతులు ఎత్తలేదు. అలిసిపోయి ఆమే కూలబడింది. జలాల్ ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"ట్యాంకు యాడ మొదలైతదో, నిచ్చెన యే మూలకున్నదో నాకు ఎరుక బిడ్డా. నేను తీస్త నీ మనిషిని."

"మనం తవ్వుకోవాల్నా? అది సర్కారు పని" అన్నాను నేను.

ఈదమ్మ తలెత్తి నావైపు చూసింది. "అన్నా, ఈ పట్నంల యే బిల్డింగుకైనా పునాది తవ్విందెవరే? మనకు తవ్వుడు కొత్తనా?"

పుస్తకాల్లోంచి తెచ్చిన నా మాటలన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు చిన్నవైపోయాయి.

అక్కడే నిర్ణయమైపోయింది. దొంగచాటుగా కాదు, పట్టపగలు, ఆదివారం పొద్దున తవ్వాలి. ఆ రోజే నడక దారి ప్రారంభం. ఫ్లాట్లు కొన్నవాళ్లందరినీ పిలిచారు. వాళ్ల కళ్ల ముందే తవ్వాలి. గ్యాస్ సంగతి జలాల్ చెప్పాడు. నడుముకు తాడు లేకుండా ఎవరూ దిగొద్దు, లోపలికి గాలి కొడుతూనే ఉండాలి. పక్క ఫౌండ్రీ కార్మికులు బ్లోయర్, జనరేటర్ తెస్తామన్నారు.

ఆదివారం ఏడింటికి మేం మూడు వందల మందిమి. గడ్డపారలు, పారలు, తట్టలు. జవహర్‌నగర్ డంపు దగ్గర చెత్త ఏరే ఆడవాళ్లు ట్రాలీ ఆటోల్లో వచ్చారు. గేటు దగ్గర బౌన్సర్లు తలుపులు మూసే లోపే ఫౌండ్రీవాళ్లు జనరేటర్ బండిని గేటుకు గుద్దారు. గేటు ఊడిపడింది.

లోపల షామియానా, పూలదండలు, ఎర్ర పలకలు పరిచిన కొత్త దారి. ఒకేరకం టీషర్టులు వేసుకున్న వంద కుటుంబాలు మమ్మల్ని చూసి వెనక్కి జరిగాయి. సీఐ కూడా అక్కడే టిఫిన్ ప్లేటుతో ఉన్నాడు. వెంకటనర్సయ్య కండువా సర్దుకుంటూ ఎదురొచ్చాడు.

"ఏందిర గీ లొల్లి? ఈడ ఎవ్వడు సావలే. గండయ్య పారిపోయిండు. ఆంధ్రోళ్లు ఇండ్లు కొంటున్నరని కడుపు మంటనా? చెప్పుండ్రి, నేనే మాట్లాడ్త వాళ్లతోని!"

మాలో కొందరు నిజంగానే అటు తిరిగారు. టీషర్టుల గుంపులో పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ఒక్క రాయి పడితే చాలు, గొడవ వాళ్లకూ మాకూ మధ్యకు పోయేది. వెంకటనర్సయ్యకు కావలసిందీ అదే.

అప్పుడు ఆ గుంపులోంచి కళ్లజోడు పెట్టుకున్న ఒక బక్కపలచని మనిషి ముందుకొచ్చాడు. భార్య ఆయన చొక్కా పట్టుకుని లాగుతోంది. "మీకెందుకండీ, రండి."

"ఉండు జానకీ." ఆయన సీఐ వైపు తిరిగాడు. "నా పేరు వెంకటేశ్వరరావండీ. పక్క కాలనీలో ఉంటాం. ఇక్కడ ఫ్లాటు కూడా బుక్ చేసుకున్నాను. మంగళవారం మా డాబా మీంచి చూశానండీ. ఆ మనిషి దిగాడు, పైకి రాలేదు. ఈవిడ అడ్డుపడుతుంటే కొట్టి పూడ్చేశారు. అయిదు రోజుల్నించీ నాకు అన్నం సయించట్లేదండీ."

బౌన్సర్ కొట్టిన దెబ్బకు ఆయన కళ్లజోడు పగిలి ముక్కు మీద నెత్తురు కారింది. జానకీదేవి కేక పెట్టింది.

ఆ కేకతో మొదలైంది. రాడ్లు మా మీద పడ్డాయి. షహజాది బేగం నెత్తి పగిలింది. ఆమె కొంగుతో నెత్తురు తుడుచుకుని, కొట్టినవాడి మణికట్టు పళ్లతో పట్టుకుంది, రాడ్ కింద పడేదాకా వదల్లేదు. మావాళ్లు పార కర్రలతో తిరగబడ్డారు. ఫౌండ్రీ కార్మికుడొకడి దవడ విరిగింది. ఒక బౌన్సర్ మోకాలు చిప్ప పగిలి దారి మీద పాకాడు. వెంకటనర్సయ్య కారెక్కబోతే ఆడవాళ్లు డోరు ఊడబెరికి బయటికి లాగారు. చెప్పులతో, తట్టలతో, వట్టి చేతులతో కొట్టారు. నేను చెప్పేది దాచిపెట్టను. ఆ రోజు మేం కొట్టాం. గట్టిగా కొట్టాం. బౌన్సర్లు గోడ దూకి పారిపోయారు.

సీఐ ఫోర్సు కోసం ఫోన్ చేస్తుండగానే తవ్వకం మొదలైంది. జలాల్ పాదాలతో కొలిచి గీత గీశాడు. ఎర్ర పలకలు లేచిపోయాయి. ఒక వరస అలిసిపోతే ఇంకో వరస. రెండు గంటల్లో మనిషిలోతు దిగాం. ఒక మూల మట్టి కింద ఖాళీ బయటపడింది, కుళ్లిన గుడ్ల వాసన పైకి తన్నింది. బ్లోయర్ ఆన్ చేశారు.

"ఇగ నేను దిగుత. నిచ్చెన మూల నాకే ఎరుక" అన్నాడు జలాల్. ఆయన నడుముకు ఒక తాడు, చేతిలో ఇంకో తాడు. పైన రెండు తాళ్లూ పట్టుకున్న పదిమందిలో ముందు ఈదమ్మ.

అప్పుడే రెండు వ్యాన్ల పోలీసులు దిగారు. ఆడవాళ్లు గుంత చుట్టూ చేతులు కలిపి గోడ కట్టారు. లాఠీలు పడుతున్నాయి. ఆ గోడ వంగింది కానీ తెగలేదు. బాష్పవాయువు గుండొకటి తాళ్ల దగ్గర పడింది. పట్టుకున్న పదిమందిలో ఆరుగురు కళ్లు మూసుకుని పడిపోయారు. ఈదమ్మ తాడు మణికట్టుకు చుట్టుకుంది. ఆమె వీపు మీద లాఠీ విరిగింది. రెండో లాఠీ తెచ్చారు. ఆమె పట్టు వదల్లేదు. నేను విరగని చేత్తో ఆమె వెనక తాడు పట్టుకున్నాను.

లోపలి నుంచి జలాల్ గొంతు వినబడింది. "దొరికిండు బిడ్డా! కట్టిన! గుంజుండ్రి!"

సీఐ జనరేటర్ దగ్గరికి పోయి బూటుకాలితో తన్ని ఆపాడు. బ్లోయర్ ఆగిపోయింది.

"లోపల మనిషున్నడు సారూ!" మూడు వందల గొంతులు. సీఐకి వినబడింది. తల తిప్పి చూశాడు కూడా. మళ్లీ ఆన్ చెయ్యలేదు. ఫౌండ్రీవాళ్లు అటు ఉరికితే పోలీసులు చుట్టుముట్టారు.

లాగాం. ముందు గండయ్య వచ్చాడు, మట్టిలో ముద్దయి, గుర్తుపట్టలేనట్టు. చెయ్యి మీద పచ్చబొట్టు చూసి ఈదమ్మ గుర్తుపట్టింది. తర్వాత జలాల్ వచ్చాడు. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు. షహజాది బేగం ఆయన నోట్లో మట్టి కొంగుతో తీసింది. దవడ మీద చెయ్యి పెట్టి "జీ, ఏ జీ" అని రెండుసార్లు పిలిచింది.

లాఠీలు వాటంతటవే ఆగిపోయాయి.

మేం రెండు శవాలనూ మేడ్చల్ రోడ్డు మీద పెట్టాం. ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఆ మధ్యాహ్నం షిఫ్టుకు ఎవరూ పోలేదు. సాయంత్రం దాకా బండి కదలనివ్వలేదు. శవ పంచనామా జనం ముందే రాయించాం. సాక్షిగా మొదటి సంతకం వెంకటేశ్వరరావుది.

మర్నాడు అరెస్టులు. పోలీసుల మీద హత్యాయత్నం చేశామని పంతొమ్మిది మంది మీద కేసు. నేనూ, ఈదమ్మా అందులో ఉన్నాం. వెంకటనర్సయ్య మీద నిర్లక్ష్యం కేసు పెట్టి అదే రోజు బెయిలిచ్చారు. సీఐ మీద ఏ కేసూ లేదు.

చంచల్‌గూడ జైల్లో నలభై రెండు రోజులున్నాం. బయటికొచ్చాక ఈదమ్మా, నేనూ నేరుగా కంపెనీ గేటు దగ్గరికి పోయాం. పని ఆగిపోయి ఉంది. గేటుకు అడ్డంగా టార్పాలిన్ గుడారం, లోపల తెల్ల దుపట్టాలో షహజాది బేగం. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదని పెద్దలు చెప్పారట. ఆమె వాళ్లకు సలాం చేసి ఇలా అందట. "దాటను. గీ గేటే నా ఇల్లు. నన్ను ఇల్లు దాటిచ్చే గుణా మీరు చెయ్యకుండ్రి." పోలీసులు మూడుసార్లు ఎత్తుకుపోయారు. మూడుసార్లు ఆమె చోట్లో వేరే ఆడవాళ్లు కూర్చున్నారు, ఆమె తిరిగొచ్చేదాకా.

మేం కూర్చున్నామో లేదో, రోడ్డు మీద ఒక డీసీఎం వ్యాను వచ్చి ఆగింది. పాతిక మంది దిగారు. గండిమైసమ్మ వైపు నుంచి వచ్చామన్నారు. వాళ్ల దగ్గర కూడా పాత ఫ్యాక్టరీ ఒకటి కూలగొడుతున్నారట. ఒక ముసలామె ముందుకొచ్చి అమ్మాజీ అని పేరు చెప్పింది.

"నా కొడుకు వారం సంది కనబడ్తలేడు. పనికాడ అడిగితే ఊరికి పోయిండంటున్నరు. మాకు ఊరే లేదమ్మా. ఈడ మీరు చేసింది విని వచ్చినం."

షహజాది బేగం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మంచినీళ్లు ఇచ్చింది. తర్వాత నావైపు తిరిగింది.

"అంజయ్యా, నువ్వు ఇప్పుడే బయటికొచ్చినవ్. వీళ్లతోని పోతే మళ్ల లోపలికి పోవుడే. పోతవా?"

నేను లేచేలోపే ఈదమ్మ డీసీఎం వెనక తలుపు పట్టుకుని పైకెక్కింది.

"జల్దీ రా అన్నా" అంది. "వారమాయెనట."